మన గిత్త వంశావళి పోర్చుగీసులో ఉంది, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మూడు తరాలుగా మా ఇంట్లో ఒంగోలు జాతి పశువులను మేపుతున్నాం. ఇక్కడే డిగ్రీ చేసి, తర్వాత గోవా వెళ్లి రెండేళ్లు పోర్చుగీసు నేర్చుకున్నాను. ఆ భాషను నెల్లూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో, ఒంగోలులోని ఆంధ్రకేసరి యూనివర్సిటీలోనో పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను డిగ్రీ చదివే రోజుల్లో బ్రెజిల్ నుంచి ఇద్దరు రైతులు మా గిత్తను చూడటానికి వచ్చారు. వాళ్ల భాష పోర్చుగీసు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. పెద్దాయన మూపురం నిమురుతూ ఏదో అన్నాడు. కూడా వచ్చిన డ్రైవర్ ఫోన్‌లో యాప్ పెడితే, "చెదలు చాలా బాగున్నాయి" అని వినిపించింది. మా నాయన ముఖం పాలిపోయింది. "నా ఎద్దుకు చెదలేంది?" అంటూ గిత్త చుట్టూ తిరిగి, కట్టేసిన గుంజను కూడా తడిమి చూశాడు. ఆ పెద్దాయన అన్న మాట 'కుపిం'. పోర్చుగీసులో చెదపురుగునూ, చెదల పుట్టనూ, ఎద్దు మూపురాన్నీ అదే మాటతో పిలుస్తారని గోవాలో క్లాసులో విన్నరోజు నాకు ఏడుపొచ్చింది. ఆ పూట వాళ్లు గంటసేపు మా పాకలో నిలబడ్డారు. ఏం మేపుతావు, తల్లి ఎట్లాంటిది, దూడలు ఎన్ని అని అడగాలని వాళ్లకుంది, చెప్పాలని నాయనకుంది. ఒక్కటీ కుదరలేదు. పోయేటప్పుడు ఆ పెద్దాయన నాయన చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మన ఒంగోలు జాతిని బ్రెజిల్‌లో 'నెలోరె' అంటారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే సముద్రం దాటింది. అక్కడున్న ఇరవై కోట్లకు పైగా పశువుల్లో ఎక్కువ వాటిలో ఈ రక్తమే ఉంది. 1960ల మొదట్లో కరవది నుంచి వెళ్లిన గిత్తను వాళ్లు ఊరి పేరుతోనే 'కర్వాది' అని పిలుచుకున్నారు. 2023లో అక్కడ వేలంలో వాటా అమ్ముడైన వియాటినా-19 అనే ఆవు విలువ ఆ లెక్కన మన డబ్బుల్లో ముప్పై అయిదు కోట్ల పైమాటే. ఏ గిత్తకు ఏ దూడ పుట్టిందో ఉబెరాబా పట్టణంలోని పశుపోషకుల సంఘం తరాలుగా రాసి పెడుతోంది. మేత మీద, ఎదుగుదల మీద, దూడల మీద వాళ్లు చేసిన పరిశోధన చాలావరకు పోర్చుగీసులోనే ఉంది. మన పశువు గురించి మనమే చదువుకోలేకపోతున్నాం.

పశువులతోనే ఆగదు. టంగుటూరు, కొండపి, కందుకూరు పొగాకు రైతులను అడగండి, బ్రెజిల్‌లో పంట ఎట్లా ఉందో తెలియక ఎంత టెన్షన్ పడతారో చెబుతారు. అక్కడ పంట ఎక్కువైతే ఇక్కడ ధర పడుతుంది. మనం రోజూ అనే 'వేలం' కూడా పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే, మేస్త్రి, బొత్తాం, అల్మారా లాగా. ఇక కందిపప్పు. మొజాంబిక్ నుంచి తెప్పించుకోవడానికి మన దేశం 2016లో ఒప్పందం చేసుకుంది. ఆ దేశం అధికార భాషా పోర్చుగీసే.

వ్యాపారం కోసమే అడుగుతున్నానని మాత్రం అనుకోవద్దు. ఈ భాష మన పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. 'వస్తాను' అంటే 'నేను' అని వేరే చెప్పనక్కర్లేదు కదా, అక్కడా అంతే, క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. థాంక్స్ చెప్పాలంటే మగవాళ్లు 'ఒబ్రిగాదు' అంటారు, నేను 'ఒబ్రిగాద' అనాలి. ముక్కుతో పలికే 'ఆఁవ్' ఒక్కటే నన్ను రెండు నెలలు ఏడిపించింది. సాహిత్యం సంగతి ఒక్కటి చెబుతాను. 1998లో నోబెల్ అందుకున్న పోర్చుగీసు రచయిత సరమాగో తన ప్రసంగంలో చదువురాని తాతనూ అమ్మమ్మనూ తలచుకున్నాడు. గడ్డకట్టే చలిరాత్రుల్లో ఆ ముసలివాళ్లు బలహీనంగా ఉన్న పందిపిల్లలను తమ పక్కలో పడుకోబెట్టుకునేవాళ్లట. అది నాయనకు తెలుగులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తుఫాను రాత్రి మీ నాయనమ్మ అప్పుడే పుట్టిన దూడను మంచం మీదికి తెచ్చుకుంది, నీకు తెలవదు" అన్నాడు. అంత పెద్ద రచయిత మా పాకలో మనిషిలా అనిపించాడు నాకు.

నన్ను గోవా పంపడానికి నాయన జత కోడెలు అమ్మాడు. ఇంకో ఆడపిల్ల కోసం ఇంకో తండ్రి అట్లా అమ్ముకోవాల్సిన పని ఉండకూడదు. ముందు ఏడాది డిప్లొమా పెట్టండి. డిగ్రీలో సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకునే వీలివ్వండి. పశువైద్యం, వ్యవసాయం చదివేవాళ్లకు సాయంత్రం క్లాసులు నడపండి. బయటి దేశాల యూనివర్సిటీల్లో పోర్చుగీసు బోధనకు పోర్చుగల్ ప్రభుత్వ కమోయిష్ సంస్థ సాయం చేస్తుంది, ఢిల్లీలో బ్రెజిల్ ఎంబసీ ఉంది. మీ శాఖ నుంచి ఒక్క ఉత్తరం వెళితే చాలు, మాట మొదలవుతుంది.

పశువుల మాటలకు తెలుగు, పోర్చుగీసు పక్కపక్కన రాసుకున్న నోటుబుక్కు ఒకటి నా దగ్గరుంది. మూపురం కుపిం, గంగడోలు బర్బేలా, ఇట్లా నూరు మాటల పైనే. దాని జిరాక్సు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటి బ్యాచ్‌కు పనికొస్తుంది.

ఇట్లు,
ఒంగోలు మండలం నుంచి ఒక రైతు కూతురు