ఎవరి ఖర్చో తేలేలోగా

సంపాదకులకు నమస్కారం.

అద్దె ఇళ్ల గురించి పాఠకులు రాసే లేఖలు చదువుతుంటాను. అద్దె పెంచారనీ, అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదనీ, గోడలనిండా మేకులు కొట్టారనీ ఉంటాయి. రాత్రి 11 గంటలకు స్విచ్‌బోర్డు నుంచి పొగ వస్తే ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయరు. ఆ వేళకు పిలుపు వచ్చేది నాలాంటివాళ్లకు కాబట్టి నేనే రాస్తున్నాను. 31 ఏళ్లుగా ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా రెండు పోర్షన్లు అద్దెకు కూడా ఇస్తున్నాను. కనుక రెండు వైపుల సణుగుడూ నాకు తెలుసు.

ఒక ఇంట్లో ఫ్రిజ్ వెనక నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన మొదలైంది. అద్దెకున్నవారు ఆ రోజే యజమానికి ఫోను చేశారు. ఆయన ఊళ్లో లేరు. "నేను వచ్చాక మా మనిషిని పంపిస్తాను, అంతవరకు ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి" అన్నారట. వీళ్లు మాట జవదాటలేదు. మూడో రాత్రి ప్లగ్గు రంధ్రాల చుట్టూ నల్లబడి చిటపటమని నిప్పురవ్వలు రాలితే నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి ఇంకా గుమ్మంలో నిలబడి ఫోనులో అనుమతి అడుగుతున్నారు. "ఓనరుగారు ఆగమంటున్నారండీ" అన్నాడు ఆ అబ్బాయి. ఫోను నేను తీసుకున్నాను. ఆయన మొదటి ప్రశ్న ఎంతవుతుందని, రెండోది ఎవరి వాడకం వల్ల పాడైందని. "ఆ రెండూ రేపు మాట్లాడుకుందాం, ఇప్పుడు మెయిన్ ఆపేస్తున్నాను" అని ఫోను ఇచ్చేశాను.

"ఎం.సి.బి. ఉంది కదా, ప్రమాదమైతే అదే పడిపోతుంది" అని ఆయన అంతకుముందు వీళ్లకు ధైర్యం చెప్పారట. చాలామంది నమ్మకం ఇదే. ఎం.సి.బి. అంటే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు. అది పడేది లోడు మితిమీరినప్పుడు, లేదా షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు. అక్కడ జరిగింది వేరు. సాకెట్టులో వైరును పట్టి ఉంచే మర వదులైంది. పట్టు లేని చోట కరెంటుకు అడ్డు పెరిగి ఆ ఒక్క బిందువే వేడెక్కుతుంది. వైరులో పారే కరెంటు మామూలుగానే ఉంటుంది కనుక ఎం.సి.బి.కి ఏమీ తెలియదు. విప్పి చూస్తే వైరు తొడుగు జానెడు పొడవున మాడిపోయి ఉంది. మొదటి రోజే చూసి ఉంటే మర బిగించి, సాకెట్టు మార్చి, పావుగంటలో బయటపడేవాళ్లం.

ఆ యజమాని చెడ్డవాడని నేను అనను. ఆయన భయానికి కారణం ఉంది. ఒక్క మర వదులైతే ఇల్లంతా వైరింగు మార్చాలని చెప్పేవాళ్లు మా వృత్తిలో ఉన్నారు, నేను కళ్లారా చూశాను. కానీ ఆయన రెండు పనులను ఒకటిగా కలిపేశారు. రాత్రికి రాత్రి జరగవలసింది ప్రమాదాన్ని ఆపడం. పూర్తి రిపేరు, బిల్లు, తప్పెవరిదనే వాదన తెల్లవారాక పెట్టుకోవచ్చు. మొదటిదానికి అనుమతి అడగవలసిన అవసరమే రాకూడదు. అద్దెకు దిగిన రోజే ఇచ్చేయాలి.

నా పోర్షన్లలో వంటింటి అల్మారా తలుపు లోపల ఒక కాగితం అంటించాను. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, నీళ్ల గేట్ వాల్వ్ ఎక్కడుందో, ఒక ప్లంబరుదీ మరో ఎలక్ట్రీషియన్‌దీ నంబర్లు. కింద, ముందు ఆపండి, తర్వాత నాకు ఫోను చేయండి, అరగంటలో నేను పలకకపోతే మనిషిని పిలిపించండి, నెల అద్దెలో పదో వంతు వరకు నన్ను అడగనక్కర్లేదు, పాత సామాను మాత్రం పారేయకండి అని రాశాను. ఆ చివరి మాట ఊరికే పెట్టలేదు. కాలిన సాకెట్టు చేతిలో ఉంటే మర వదులై పోయిందా, దెబ్బ తగిలి పగిలిందా అన్నది చూస్తేనే తెలుస్తుంది, సగం తగాదా అక్కడే తీరుతుంది. కొత్తగా దిగినవారి చేత గేట్ వాల్వ్ ఒకసారి తిప్పిస్తాను కూడా. మొదట వచ్చిన దంపతులు నవ్వారు. ఏళ్లతరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుపోతుంది. ఒకటి నా చేతిలోనే విరిగింది, అదృష్టం బాగుండి పట్టపగలు.

అన్నీ అత్యవసరాలు కావు. కుళాయి చుక్కలు పడుతుంటే ఆదివారం దాకా ఆగవచ్చు. అదే కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటే ఒక్క గంట కూడా ఆగకూడదు, గీజరులో కరెంటు లీకేజీ ఉండి ఎర్తింగ్ పోయి ఉండవచ్చు. కొన్ని పోర్షన్లలో లైట్లు మసకబారి, మరికొన్నింటిలో మరీ వెలిగిపోతుంటే సంబరపడకండి. మూడు ఫేజుల భవనంలో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగితే 230 వోల్టులు ఉండవలసిన చోట 400 దగ్గరికి పోగలదు, టీవీలూ ఫ్రిజ్‌లూ ఒక్కసారిగా పోతాయి. వెంటనే మెయిన్ ఆపాలి. పైకప్పు నుంచి కారే నీళ్లు లైటు దాకా వస్తే ఆ సర్క్యూట్ ఆపాలి. గ్యాస్ వాసన వస్తే ఇంట్లో నిలబడి యజమానికి ఫోను చేయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాను సహా ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి. సిలిండరు గ్యాస్ గాలికంటే బరువు, నేలనంటి ఉండిపోతుంది. వీలైతే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వెళ్లి మాట్లాడండి. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టిన యజమానులకైతే నేను ఏ కాగితమూ సూచించను, అది ఈ రోజే తీయించేయాలి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, స్పృహ తప్పేదాకా తెలియదు.

అద్దెకున్నవారూ కొంత దాస్తారు. చెబితే అద్దె పెంచుతారనో, ఖాళీ చేయమంటారనో నోరు విప్పరు. తొలిసారి చెప్పినప్పుడే యజమాని "ఎవరు పాడు చేశారు" అని అడిగితే రెండోసారి అసలు చెప్పరు.

ఆ యజమాని నాలుగో రోజు వచ్చారు. కాలిన సాకెట్టును కవరులో పెట్టి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, మాట్లాడకుండా డబ్బులిచ్చారు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మిగతా బోర్డులు కూడా చూడమన్నారు. 11 బోర్డుల్లో నాలుగింటికి మరలు వదులుగానే ఉన్నాయి.

– ఒక ఎలక్ట్రీషియన్