ఫుల్ టైమ్ ఇచ్చారే!

ఒసేయ్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, ఇదేంటి జవాబే రాయలేదని తిట్టుకునే ఉంటావు, సారీనే, నిజంగా సారీ. ఇంట్లో అందరం బానే ఉన్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పెద్దాడికి పరీక్షలు, అంతే. అసలు సంగతి నిన్నట్నుంచి కడుపులో ఆగట్లేదు. నాకు ఫుల్ టైమ్ ఇచ్చారే! ఏడేళ్ల తర్వాత!

మా నర్సరీ స్కూలు వాళ్ల లెక్క నీకు తెలుసుగా, పిల్లలు 12:30కి వెళ్లిపోతారు కాబట్టి టీచర్ పని కూడా అక్కడితో అయిపోయినట్టే, అందుకే సగం జీతం, సెలవుల్లో అదీ లేదు. ఈసారి నేనేం చేశానంటే, 12:30 తర్వాత చేసే ప్రతి పనీ మూడు వారాలు నోట్‌బుక్‌లో టైముతో సహా రాసిపెట్టా. రంగుల గిన్నెలు కడిగింది, రేపటికి నలభై కాగితం చేపలు కత్తిరించింది, ఏ పిల్ల ఆరోజు ఏం నేర్చుకుందో రాసుకుంది, అన్నీ.

నిన్న కమిటీ మీటింగ్. ఒక పెద్దాయన "చిన్నపిల్లల్ని ఆడించడానికి రోజంతా ఎందుకమ్మా, అయినా ఆడవాళ్లకి సగం పూటే కదా వీలు" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా. నా చెవులు వేడెక్కిపోయాయే. ఇంక మన మూడో బెంచీ గొంతు తీశా (నీకే తెలుసు అదేంటో!). ప్రపంచంలో ప్రీ-ప్రైమరీ టీచర్లలో నూటికి 90 మందికి పైగా ఆడవాళ్లేనండీ, ఇది మాకు కాలక్షేపం కాదు, బతుకుతెరువు అన్నా. 1840లో చిన్నపిల్లల బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన జర్మనీ ఆయన ఫ్రోబెలే ఈ పనికి ఆడవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చాడు, అంటే ఇది నేర్చుకుని చేయాల్సిన పనేగా అన్నా. ఇంగ్లండులో చాలాచోట్ల పెళ్లైతే టీచర్ ఉద్యోగం ఊడేది, 1944లో చట్టం తెచ్చాకే ఆ రూలు పోయింది, మాకేది వీలో వేరేవాళ్లు తేల్చడం అప్పట్నుంచీ ఉన్నదే అని కూడా అనేశా.

ఎవరూ మాట్లాడలేదు. ప్రిన్సిపల్ మేడం నా నోట్‌బుక్ తీసి ఒక పేజీ పైకి చదివారు. మూడు నెలలుగా క్లాసులో నోరే విప్పని బాబు ఒకడున్నాడే, వాడి గురించి రాసుకున్న పేజీ అది. వాళ్లమ్మ రావడం లేటైతే నా పక్కన కూర్చుని నేను చేపలు కత్తిరిస్తుంటే చూసి చూసి, "దీనికి కన్ను పెట్టలేదు" అన్నాడు. టైం 1:10.

ఆ పెద్దాయనే ముందుకి వంగి "తర్వాత?" అన్నాడే!

"వాడితోనే పెట్టించా సార్" అన్నా. ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

మా నలుగురు టీచర్లలో ఇద్దరికి ఫుల్ టైమ్ ఇచ్చారు. పిల్లలు లేకుండా రోజుకి రెండు గంటలు ప్రిపరేషన్‌కని కాగితం మీద రాయించుకున్నా, లేకపోతే ఫుల్ టైమ్ అంటే ఇంకో బ్యాచ్ అంటగడతారు. మిగతా ఇద్దరిలో ఒకామెకి చంటిబిడ్డ, తనకి సగం పూటే కావాలి, తనే అడిగింది, అది వేరు. కానీ ఇంకో అక్క ఉందే, నాకన్నా రెండేళ్లు సీనియర్, ఆవిడకి రాలేదు. నన్ను గట్టిగా పట్టుకుని "మంచిపని చేశావు" అంది, తర్వాత కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంటూ ఉండిపోయింది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇవాళ పొద్దున్నే ఆవిడకో కొత్త నోట్‌బుక్ ఇచ్చా, మొదటి పేజీలో డేట్ నేనే వేశా, వచ్చే మీటింగ్‌కి ఇద్దరం

అయ్యో బెల్ కొట్టేశారు, పిల్లలు వచ్చేస్తున్నారు, మొదటి జీతం సంగతి రాత్రికి రాస్తా

నీ
మూడో బెంచీ