పాతర జొన్నల నాటి మాటలు రికార్డు చేయాలి

సంపాదకుల వారికి,

పల్నాడు మెట్ట ఊళ్ల నుంచి వచ్చి గుంటూరు అపార్ట్‌మెంట్లలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు. 1967లో సాగర్ నీళ్లు వదలక ముందు సేద్యం ఎలా ఉండేదో కళ్లారా చూసినవాళ్లు. అడిగే దిక్కు లేక సీరియళ్లు చూస్తూ కూర్చుంటున్నారు.

ఎనభై దాటిన మా మేనత్త ఈమధ్య పాతర తీయడం గురించి చెప్పింది. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, అడుగున, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి మట్టితో మూసేవారట. తీసేటప్పుడు నోరు తెరిచి చాలాసేపు గాలి ఆడనిచ్చి, లోపలికి దీపం దించి చూసేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. గోడవారన జొన్నలు ముక్కిపోయి వాసన కొట్టేవి. "వాటినే కూలోళ్లకి కొలిచేవాళ్లురా, మనింట్లో కూడా" అంది మామూలుగా.

రైతు ఇంట్లో విన్నది వేరు, పాలేరు ఇంట్లో విన్నది వేరు. రెండూ కావాలి. పాతరోజులన్నీ బంగారం అనే వాట్సాప్ కబుర్లు మాత్రం ఇక చాలు.

ఈ పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసే పని కాలేజీల ఎన్ఎస్ఎస్ విద్యార్థులకు అప్పగించవచ్చు. ఫోన్ రికార్డర్ చాలు. వాళ్లు మానిక, కుంచం లాంటి పాత కొలతలు చెబితే అలాగే రాసుకోవాలి, కిలోల్లోకి మార్చకూడదు. విజయవాడ ఆకాశవాణి వీటిని వినిపిస్తే, మీ జిల్లా ఎడిషన్ వారానికి అర పేజీ ఇస్తే బాగుంటుంది. 1977 ఉప్పెన చూసిన దివిసీమ రైతుల, కూలీల దగ్గరికి కూడా త్వరగా వెళ్లాలి.

- ఒక పాఠకుడు, గుంటూరు