కార్తెల సామెతలకు అర్థం చెప్పండి
కార్తెల సామెతలు పిల్లలకు వల్లెవేతగానే మిగులుతున్నాయి. మా పొరుగింటి ఎనిమిదో తరగతి పిల్లవాడు ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆరుద్ర ఎప్పుడొస్తుందని అడిగితే తెల్లమొహం వేశాడు. జూన్ 22 ప్రాంతంలో మొదలై సుమారు రెండు వారాలుండే ఆ కార్తె వాన మెట్టచేలకు ఎంత ప్రాణమో, అరుగు మీద కూర్చున్న వాళ్ల తాతయ్యే చెప్పగలడు. అడిగేవారు లేరు. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న నాలుగు మాటల్లో, సెప్టెంబరు నడిమిన వచ్చే ఉత్తర కార్తెకీ చినుకు పడక, గంప నెత్తికెత్తుకుని ఊరు విడిచిన తరాల గోడు ఉంది. దాన్ని ఖాళీలు పూరించే ప్రశ్నగా మార్చడం అన్యాయం. ప్రతి విద్యార్థి చేత తన ఊరి పెద్దల దగ్గర పది సామెతలను, అవి వాడే సందర్భంతో సహా సేకరింపజేసి, తెలుగు ప్రాజెక్టు పనిగా మార్కులు వేయాలి. విద్యాశాఖ ఈ ఏడాదే ఆదేశాలివ్వాలి.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం