పతకాలు తమ్ముడివి

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ క్రీడా పేజీలో అమెరికన్ కుస్తీ వీరుడు స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ గురించి రాస్తూ, ఆయనకు కుస్తీ నేర్పిన క్రిస్ ఆడమ్స్ ‘ఒలింపిక్ జూడో పతక విజేత’ అని వేశారు. ఆ పతకాలు క్రిస్‌వి కావు, తమ్ముడు నీల్ ఆడమ్స్‌వి. 1980లో మాస్కోలో, 1984లో లాస్ ఏంజెలెస్‌లో రజతాలు గెలిచిందీ, 1981లో ప్రపంచ విజేత అయిందీ నీలే. క్రిస్ కూడా గట్టి జూడో ఆటగాడే. అమెరికా వెళ్లాక టికెట్లు అమ్ముకునేవాళ్లు ఆయనకు ఒలింపిక్ కీర్తి తగిలించారు. అది ఇన్నేళ్లకు మీ పేజీ దాకా వచ్చింది. పోటీ పరీక్షల పిల్లలు ఆ పేజీని కత్తిరించి దాచుకుంటారు, అందుకే ఈ ఉత్తరం.

నేను ఎముకల వైద్యుణ్ని. 1977లో ఇంగ్లండ్ వెళ్లి ఉత్తరాదిన ఒక ఆస్పత్రిలో చేరాను. శనివారం సాయంత్రం నాలుగింటికి అక్కడి టీవీ చానెల్ ఐటీవీలో కుస్తీ వచ్చేది. డ్యూటీ లేని డాక్టర్లం, ఇద్దరు తెలుగువాళ్లం, ఒక పంజాబీ, మెస్‌లో టీ కప్పులతో చేరేవాళ్లం. వ్యాఖ్యాత కెంట్ వాల్టన్ గొంతు వినబడగానే మా కబుర్లు ఆగిపోయేవి. బిగ్ డాడీ అనే భారీ మల్లుడు బొజ్జతో ఢీకొడితే నవ్వుకునేవాళ్లం. క్రిస్ ఆడమ్స్ దిగితే మాత్రం పంజాబీ మిత్రుడు కుర్చీ అంచుకు జరిగేవాడు. అఖాడాలో, అంటే కుస్తీ గోదాలో, పెరిగినవాడు కదా.

మీదికి వచ్చేవాణ్ని క్రిస్ ఎదురు నెట్టేవాడు కాదు. ఆ తోపును అలాగే రానిచ్చి, గిర్రున తిరిగి, నడుము కిందికి దించి, భుజం మీదుగా విసిరేవాడు. జూడోలో అలా వీపు చాపకు తగిలితే పోటీ అక్కడితో సరి. కుస్తీలో రెండు భుజాలూ ఆనించి మూడు లెక్కపెట్టాలి, ఈలోగా పడ్డవాడు లేచి వచ్చేవాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. జూడో విసుర్లకు చాలావరకు ఎదుటివాడి అంగీ కాలరో చేతులో దొరకాలి. రింగులో దొరికేది చెమట పట్టిన ఒళ్లు. నల్ల బెల్టు కట్టినవాడు కూడా అక్కడ మళ్లీ ఓనమాలు దిద్దాలి.

వార్డులో ఒక ముసలి గని కార్మికుడు ‘జూడో’ అల్ హేస్ అనే పాత మల్లుడి గురించి చెప్పేవాడు. తుంటికి కట్టుతో పడుకుని, రెండు చేతులూ గాలిలో తిప్పుతూ హేస్ పట్లు చూపించేవాడు. ఆ హేసే తర్వాత అమెరికాలో ‘లార్డ్’ ఆల్ఫ్రెడ్ హేస్ అయ్యాడు. తొంభైల్లో టీవీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికన్ కుస్తీ కార్యక్రమం చూసిన మీ పాఠకులు ఆయన వ్యాఖ్యానం వినే ఉంటారు. ప్రభువు కాదు, పాడూ కాదు, అదీ రింగు ఇచ్చిన బిరుదే. వీళ్లందరికంటే ముందు యుకియో తాని ఉన్నాడు. 1900లో జపాన్ నుంచి లండన్ వచ్చిన ఆ పొట్టి మనిషి మ్యూజిక్ హాళ్లనే వినోద ప్రదర్శనశాలల వేదికలెక్కి, తలపడటానికి వచ్చినవాడికి జూడో కోటు తొడిగించి మరీ పడగొట్టేవాడు. ఆయనే తర్వాత లండన్‌లో 1918లో మొదలైన బుడోక్వాయ్ క్లబ్బులో జూడో గురువయ్యాడు.

గెలుపోటములు ముందే మాట్లాడుకునేవాళ్లని మాకూ తెలుసు. కానీ మీ వ్యాసకర్త ‘అంతా నాటకం’ అని ఒక్క మాటలో తేల్చేశారు. అంతెత్తు నుంచి పడి మెడ విరగకుండా లేచేవాణ్ని నటుడని రాయడానికి నా వృత్తి ఒప్పుకోదు. పడటం జూడోలో మొదటి పాఠం. ఆ పాఠం నేర్చినవాడికి ఆ రోజుల్లో జూడో పైసా ఇచ్చేది కాదు. ఆటకు డబ్బు తీసుకుంటే ఒలింపిక్స్ దారి మూసుకుపోయేది. క్రిస్ డబ్బు దారి పట్టాడు. 2001లో టెక్సస్‌లో ఒక గొడవలో తుపాకీ గుండు తగిలి, నలభై ఆరేళ్లకే పోయాడు.

సవరణ వేసేటప్పుడు పతకాలు నీల్‌కు ఇచ్చేయండి. క్రిస్ పేరు పక్కన ‘ఒకప్పటి జూడో ఆటగాడు’ అని ఉంచండి, అందులో అబద్ధం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వైద్యుడు, కాకినాడ