తాండవం సరే, లెక్కేది?

తిరుపతి

ఒరేయ్ రమణా,

ఆన్‌లైన్ డెస్కులో చేరావు, వానలూ మొదలయ్యాయి. ఇక రోజుకో డెంగీ వార్త నీ నెత్తినే. నువ్వు పంపిన 'తిరుపతిలో డెంగీ విలయతాండవం' చూశాను. తాండవం సరేరా, లెక్కేది?

ముందు ఆ పాజిటివ్ ఏ పరీక్షదో కనుక్కో. ల్యాబుల్లో ర్యాపిడ్ టెస్టు కార్డు మీద గీత పడితే చాలు, పాజిటివ్ అని చీటీ ఇచ్చేస్తారు. సర్కారు లెక్కకెక్కాలంటే ఎలీసా అనే రక్తపరీక్షలో తేలాలి. జ్వరం మొదలైన 5 రోజుల్లోపు అయితే వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టే ఐజీఎం. అందుకే ఆస్పత్రి అంకె ఒకటి, అధికారుల అంకె ఇంకొకటి. అది చూసి 'కేసులు దాస్తున్నారు' అని కొట్టేస్తారు మనవాళ్లు. దాచడమూ ఉంటుంది, కాదనను. కానీ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, ఏది ఏ పరీక్షదో రాయి.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి కదా. పాత చిత్తూరులోంచి మదనపల్లె, పీలేరు అన్నమయ్యకు పోయాయి, నెల్లూరు వైపు నుంచి గూడూరు, సూళ్లూరుపేట తిరుపతిలో కలిశాయి. 2021 చిత్తూరు అంకె పక్కన ఇప్పటిది పెట్టి 'భారీగా తగ్గిన డెంగీ' అని రాస్తే, తగ్గింది జిల్లారా, జ్వరం కాదు.

ఏలూరు గుర్తుందా? 2020 డిసెంబరులో జనం ఫిట్స్ వచ్చి పడిపోతుంటే పూటకో కారణం శీర్షికకెక్కింది. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. అలాంటప్పుడు కొత్త వార్త రాసి పాతదాన్ని గాలికి వదలొద్దు. పాత లింకులోనే పైన తేదీ, గంట వేసి సవరణ పెట్టు. అయినా వాట్సాప్‌లో అప్పటికే తిరిగిన వార్త కార్డు మీద పాత శీర్షికే ఉండిపోతుంది. కాబట్టి 'అనుమానిత' అన్న మాట మొదటిసారే శీర్షికలో పడాలి.

ఇక ప్లేట్‌లెట్లు. '30 వేలకు పడిపోయాయి' అని రాయగానే ఇంటిల్లిపాదీ దాతల కోసం పరుగు. నెత్తురు కారకపోతే 10 వేల దిగువకు వచ్చేదాకా మామూలుగా ఎక్కించరు. అసలు గండం జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలు. తగ్గింది కదా అని ఇంటికి తెచ్చుకుంటారు, సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు ఊరిపోయి బీపీ పడిపోతుంది. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో నెత్తురు, మగత: ఈ నాలుగూ రెండో పేరాలోనే ఉండాలి. కిందదాకా ఎవడూ దిగడు.

బొమ్మ కూడా మార్చు. నువ్వు పెట్టిన దోమ వెనకభాగం పైకెత్తి కూర్చుంది, అది మలేరియాది. డెంగీ దోమకు కాళ్ల మీద తెల్లచారలుంటాయి. దోమకన్నా, టైర్ల అంగడి ముందు నీళ్లు నిలిచిన పాత టైరు ఫోటో తీసి పెట్టు, జాస్తి పనికొస్తుంది.

ఆ తాండవం తీసేసి మళ్లీ పంపు.

నీ
శీను