చిట్టికి అమ్మ రాస్తున్న ఉత్తరం

కొత్తగూడెం
ఏప్రిల్, 2026

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. బాపుకు షుగర్ కాస్త అదుపులోకి వచ్చింది. నాయనమ్మ ఎండకు తట్టుకోలేక మధ్యాహ్నమంతా నడింట్లోనే పడుకుంటోంది. నువ్వు ఆఫీసుకు మజ్జిగ తీసుకెళ్తున్నావా? ఏసీలో కూర్చుంటే దాహం తెలియదు, ఒంట్లో నీళ్ళు మాత్రం తగ్గుతాయి.

జీతం పడ్డ రోజు నుంచి నీ ఫోన్ లేదు. పని ఎక్కువుందేమో అనుకున్నాను. మొన్న పెళ్ళిలో మంచిర్యాల అత్త కలిసి, "కంపెనీ వాళ్ళు చిట్టి బోనస్ మింగేశారంట, రాజీనామా ఇస్తదంట" అని నలుగురిలో అంది. నాకేమీ తెలియనట్టు ఊరుకున్నాను. ఇంటికొచ్చి తమ్ముణ్ణి గట్టిగా అడిగితే నువ్వు పంపిన స్లిప్పు ఫొటో చూపించాడు. వాణ్ణి తిట్టకు, నేనే బలవంతం చేశాను.

స్లిప్పు రెండుసార్లు చూశాను బిడ్డా. ఎవరూ మింగలేదు. నీ జీతం ఏడాదికి పన్నెండున్నర లక్షలు. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో జీతగాళ్ళందరికీ తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 11,75,000. 2025-26కి ఆ లెక్క 12 లక్షలు దాటకపోతే రిబేటు, అంటే పన్ను మాఫీ, వల్ల పన్ను సున్నా. అందుకే ఫిబ్రవరి దాకా నీ జీతంలోంచి టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, పైసా కోయలేదు. మార్చిలో లక్ష బోనస్ కలిసి 12,75,000 అయింది, రిబేటు పోయింది. రిబేటు పోతే పన్ను పైన ఉన్న ముక్కకే పడదు, నాలుగు లక్షల దగ్గర నుంచి మొదలవుతుంది. నాలుగు నుంచి ఎనిమిది దాకా 5 శాతం, 20,000. ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం, 40,000. మిగిలిన 75,000 మీద 15 శాతం, 11,250. మొత్తం 71,250, దాని మీద 4 శాతం సెస్ 2,850. కలిపి 74,100. నీకు కోసింది సరిగ్గా అంతే. ఏడాది మొత్తం పన్ను ఆ ఒక్క నెల జీతం మీద పడింది.

కొంచెమే దాటినవాళ్ళకు మార్జినల్ రిలీఫ్ అని ఉంది, దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా. అది సుమారు 12,70,588 దాకానే పనికొస్తుంది. నువ్వు నాలుగు వేల చిల్లరతో దాన్ని కూడా దాటేశావు. నీకు పాతిక వేలే బోనస్ ఇచ్చి ఉంటే పాతిక వేలూ చేతికి వచ్చేవి. లక్ష ఇస్తే 25,900 మిగిలాయి. ఏడాదంతా రాత్రిళ్ళు మేలుకుని పనిచేసిన పిల్లకు ఇంతేనా అని నాకూ కడుపులో తిప్పింది. కానీ చట్టమే అలా ఉంది, మీ హెచ్చార్ అమ్మాయి చేతిలో ఏమీ లేదు. ఆమెతో గట్టిగా మాట్లాడి ఉంటే మళ్ళీ ఒకసారి మంచిగా పలకరించు.

ఫోన్ చేయకపోవడానికి కారణం పని కాదేమో అని నా అనుమానం. సరే, అది తర్వాత.

నేను ఏరియా ఆఫీసులో పే షీట్లు చూసే రోజుల్లో జరిగింది ఒకటి చెప్తాను. సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా అంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. ఇన్ని కోట్లు పంచుతున్నారని పేపర్లో రాగానే ప్రతి కార్మికుడూ తన మస్టర్లు, అంటే పనికొచ్చిన రోజులు, లెక్కేసుకుని ఇంత వస్తుందని ఇంట్లో చెప్పేస్తాడు. ఒక కోల్ కట్టర్ అలాగే భార్యకు పుస్తెలతాడు చేయిస్తానని మాటిచ్చి, కంసాలికి అడ్వాన్సు కూడా ఇచ్చాడు. తీరా చూస్తే చీటీలో పన్ను కోసి ఉంది. మనిషి ఇంటికి పోవడం మానేశాడు. ఒక షిఫ్టు అయ్యాక తోటివాడి క్వార్టర్లో పడుకోవడం, మళ్ళీ షిఫ్టుకు ఎక్కడం. చివరికి ఆయన భార్యే ఆ చీటీ పట్టుకుని మా కిటికీ దగ్గరకొచ్చింది. డబ్బు ఎవరు తిన్నారని గొడవ పెట్టుకోవడానికి వచ్చిందేమో అనుకున్నాం. "తాడు నేనెప్పుడు అడిగిన మేడం? మనిషిని ఇంటికి రమ్మని చెప్పుండ్రి" అని ఏడ్చింది. ఆయన్ని పిలిపించి కాగితాలన్నీ ముందేసుకుని చూశాను. ఇంటి లోను వడ్డీ సర్టిఫికెట్ ఆయన ఆఫీసులో ఇవ్వనే లేదు. రిటర్ను వేయించాం, కోసిన దాంట్లో చాలా భాగం తర్వాత ఖాతాలో పడింది. భార్య మాత్రం ఆ డబ్బు కోసం ఆగలేదు, ఆ సాయంత్రమే ఇంటికి తీసుకెళ్ళింది.

నీకు ఆ దారి లేదు. సొంతింటి లోను వడ్డీ, ఎల్‌ఐసీ, పీఎఫ్ ఇవేవీ కొత్త పద్ధతిలో లెక్కకు రావు. పాత పద్ధతిలో కూడా వేసి చూశాను, నువ్వు కట్టే అద్దె లెక్కలోకి తీసుకున్నా పన్ను ఇంకా ఎక్కువే పడుతుంది. పన్ను తగ్గుతుందని ఎవరైనా పాలసీ అంటగట్టబోతే సంతకం పెట్టకు. జూన్ మధ్యకల్లా కంపెనీ ఫారం 16, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం, ఇస్తుంది, నాకు పంపు, జులై 31 లోపు రిటర్ను నేనే చూస్తాను.

ఈ నెలలో చేయాల్సింది ఒకటే. కంపెనీ వాటాగా ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) కట్టే వీలుందా అని అడుగు. బేసిక్‌లో 14 శాతం దాకా కొత్త పద్ధతిలోనూ మినహాయింపు ఉంది. నీ బేసిక్ ఆరుంపావు లక్షలు కాబట్టి 87,500. పోయిన ఏడాది అది ఉండి ఉంటే బోనస్ వచ్చాక కూడా నీకు పన్ను పడేది కాదు. అయితే ఆ డబ్బు నీ జీతంలోంచే పోతుంది, రిటైర్మెంట్ దాకా సులభంగా చేతికి రాదు, ఆలోచించుకుని చెయ్యి. ఇంక్రిమెంట్ వచ్చి జీతం 14 లక్షలైతే ఎన్‌పీఎస్ లేకుండా నెలకు 6,825 చొప్పున కోస్తారు, చూసి కంగారు పడకు. అప్పుడు లక్ష బోనస్ వస్తే దాని మీద పోయేది 15,600 మాత్రమే, 84,400 మిగులుతాయి.

రాజీనామా మాట నిజమైతే ముందు బోనస్ లెటర్ చదువు. ఇన్ని నెలల్లోపు మానేస్తే తిరిగి కట్టాలని రాస్తుంటారు. చేతికొచ్చింది 25,900 అయినా లక్షా కట్టమని ఉండొచ్చు. కోపంలో కాగితం ఇవ్వకు. పని నచ్చక మానేస్తానంటే అది వేరే సంగతి, ఇంటికొచ్చి చెప్పు, బాపు కూడా వింటాడు.

నాయనమ్మ గది రేకులు తీసి స్లాబ్ వేయిస్తానని సంక్రాంతికి అందరి ముందూ అన్నావు. అందుకే కదా ఫోన్ చేయడం లేదు? మేస్త్రీ వస్తే వానలు తగ్గాక చూద్దామని చెప్పి పంపించాను. నాయనమ్మ ఆ మాట ఎత్తనే లేదు, ఆదివారం నీ గొంతు వినలేదని మాత్రం రోజూ అంటోంది. నీ దగ్గరున్న పాతిక వేలు ఇటు పంపకు. నీ బండి టైర్లు అరిగిపోయాయని తమ్ముడు చెప్పాడు, వానలు రాకముందే మార్పించు.

శనివారం ఆర్టీసీ కార్గోలో మామిడికాయ తొక్కు, సకినాలు వేస్తున్నాను. తొక్కు సీసాలోకి తడి గరిట పెట్టకు. రశీదు ఫొటో వాట్సాప్‌లో పంపిస్తాను. ఆ రోజు నేను చేసినప్పుడు ఫోన్ ఎత్తు.

అమ్మ